జీపు దీపాలు

మా బావకు ఒక జీపు వున్నది. దాని దీపాల సంగతి చెప్పబోతే నా సంగతి కూడా చెప్పుకోవలసి వస్తున్నది గనుక, ముందుగానే చదువరులు మన్నించాలి. నేను రచయితను కాను. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు ఆఫీసులో లెక్కలు వ్రాసే గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషన్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు ముక్కలు - ఇదీ నా పాండిత్యం. తెలుగు అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు. రాత్రి భోజనాలయిన తరువాత మా నాయన పలక మీద దిద్దించాడు.

నాయన పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టే పనివాడు. మన వూళ్ళో ఆ పనికి ఏనాడూ కొదవ లేదు. 1930లలో పైకారా కరెంటు వచ్చిన నాటి నుండి మిల్లులూ మోటార్లూ పెరిగాయి. 1937లో జి.డి. నాయుడుగారూ, డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారును ఇక్కడే తయారుచేశారు. ఆ కథలు వింటూ పెరిగినవాడు మా నాయన. పని మాట్లాడేటప్పుడు ఆయన ఒకటే చెప్పేవాడు: "కరెంటు పోయే దారి అందరూ చూస్తారు. తిరిగి వచ్చే దారి చూసేవాడే పనివాడు." ఈ మాట నేను నూరుసార్లు విన్నాను. అవసరమైనప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

బావ అంటే మా అక్క భర్త. పొల్లాచ్చిలో కాపురం. ఆనైమలై దాటిన తరువాత కొండ అడుగున కొబ్బరితోట వున్నది. తోటకు వెళ్ళాలంటే తారురోడ్డు విడిచి, పరంబిక్కుళం - ఆళియారు పథకం కాలువల్లో ఒకదాని గట్టు మీదుగా రెండు మైళ్ళు మట్టిదారిలో పోవాలి. ఒక పక్క కాలువ, ఒక పక్క పల్లం. చీకటి పడితే అడవిపందులు తిరుగుతాయి, కొన్ని నెలల్లో ఏనుగులు దిగుతాయి. ఆ దారికి కారు పనికిరాదు. బావ దగ్గర వున్నది 1980ల నాటి మహీంద్రా డీజిల్ జీపు. 1940లలో బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టిన ఆ కంపెనీ బండ్లు ఇప్పటికీ మన కొండ తోటల్లో పరుగెత్తుతూనే వున్నాయి. బండి ముసలిదే గాని, నాలుగు చక్రాలకూ పట్టు ఇస్తే బురదలో మేకలా ఎక్కుతుంది. దాని హెడ్‌లైట్లు మాత్రం గట్టుదారికి చాలేవి కావు.

అందుకని నిరుడు ఆషాఢమాసంలో జీపు ముందు కడ్డీకి అదనంగా రెండు దీపాలు పెట్టించాలని బావ నిశ్చయించాడు. ఒకటి మనవి చేయాలి. ఇటువంటి వెదజల్లే దీపాలు ఊరి రోడ్ల మీద వెలిగించడం కూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అనుమతి లేకుండా బండి ముందు స్పాట్‌లైటు పెట్టుకోకూడదు. ఎదుటి బండివాని కళ్ళు చెదిరితే అతని ప్రాణానికే మోసం. అందుకే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి, తోటదారికే వాడతామని ఒప్పుకుని, రోడ్డు మీద వాటికి మూతలు వేయాలని అనుకున్నాం. ఆ మాట మీదనే ఇప్పటికీ నడుస్తున్నాం.

దీపాలు పెట్టినవాడు పొల్లాచ్చిలో లారీ షెడ్ల దగ్గర పెట్టె పెట్టుకుని వయరింగు పని చేసే ఒక కుర్రవాడు. పంతొమ్మిది ఇరవై ఏళ్ళుంటాయి. తక్కువ మాటలు, శుభ్రమైన చేయి. మేమందరమూ అతనితో తమిళంలో మాట్లాడాం. అతడూ తమిళంలోనే జవాబు చెప్పాడు. మూడు రోజుల పని, తీగలు సామాను అన్నీ కలిపి ఇంత అని ఒప్పందం. అందులో పద్దెనిమిది వందల రూపాయలు మిగిలాయి. టెంకాయలు అమ్మిన తరువాత ఇస్తానన్నాడు బావ. సరేనన్నాడు కుర్రవాడు.

అతడు చేసిన పని ఇప్పుడు తలచుకుంటే మెచ్చుకోవాలి. ఒక్కొక్క దీపం 55 వాట్లు. రెండు కలిపి 110. బ్యాటరీ 12 వోల్టులది గనుక, భాగించి చూస్తే తొమ్మిది ఆంపియర్లకు పైగా కరెంటు. అంత కరెంటు డ్యాష్‌బోర్డులోని చిన్న స్విచ్చి గుండా పోనిస్తే స్విచ్చి కాలుతుంది. అందుకని మధ్యలో రిలే అనే చిన్న డబ్బీ పెట్టాలి. స్విచ్చి నుండి వచ్చే కొద్దిపాటి కరెంటు రిలేలోని ఇనుప నాలుకను లాగుతుంది. ఆ నాలుక బ్యాటరీ నుండి నేరుగా వచ్చిన లావు తీగను దీపాలకు కలుపుతుంది. మా ఆఫీసు మాటల్లో చెప్పాలంటే, మేనేజరు చీటీ మీద సంతకం చేస్తాడు, గోడౌను తలుపు మాత్రం వాచ్‌మన్ తెరుస్తాడు. సంతకానికి బలం అక్కరలేదు, తలుపుకు కావాలి. కుర్రవాడు రిలే పెట్టాడు. బ్యాటరీకి దగ్గరలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. తీగలన్నీ గొట్టంలో తొడిగి, ఇంజను వేడి తగలకుండా కట్టాడు. హెడ్‌లైట్ల ఎర్త్ తీగలు ముందు జాలీ రేకు మీద ఏ బోల్టు దగ్గర చేరేవో, కొత్త దీపాల ఎర్త్ కూడా అక్కడే శుభ్రంగా గీకి బిగించాడు.

ఎర్త్ అంటే ఏమని మా అక్క అడిగింది, చదువరుల్లో కూడా అడిగేవారుంటారు. ఇంట్లో దీపానికి రెండు తీగలుంటాయి, ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకుపోయేది. బండిలో తెచ్చే తీగ మాత్రమే వుంటుంది. తిరిగిపోయే దారి బండి ఇనుప శరీరమే. బ్యాటరీ రెండవ కొన బండి రేకుకు కట్టి వుంటుంది గనుక, దీపం ఎక్కడున్నా దాని రెండవ తీగను దగ్గరలోని ఇనుముకు బిగిస్తే చాలు. ఆ బిగింపు గట్టిగా, ఇనుముకు ఇనుము తాకుతూ వుండాలి. అంతే.

దీపాలు వెలిగించిన రాత్రి గట్టుదారి పట్టపగలులా వున్నది. కుర్రవాని భుజం తట్టాడు బావ.

రెండు నెలలు ఏ చింతా లేదు. తరువాత ఆయుధపూజ వచ్చింది. మన వైపు ఆయుధపూజ అంటే తెలుసు గదా. కోయంబత్తూరు జిల్లాలో మరలేని ఇల్లు లేదు, పూజలేని మర లేదు. సెలవులకు మేము పొల్లాచ్చి వెళ్ళాం. జీపు ముఖం తుప్పుపట్టి వున్నదని, ఖాళీగా కూర్చోలేక నేనే ముందు రేకుకు రంగు వేస్తానన్నాను. బోల్టులు విప్పి, ఉప్పు కాగితంతో తుప్పు రుద్ది, ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, ఆరిన తరువాత మళ్ళీ బిగించాను. చందనం, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి నడిపించాం. జీపు పెండ్లికొడుకులా వున్నదని అందరూ నన్ను మెచ్చుకున్నారు.

కార్తీకంలో ఒకనాడు పళని వెళ్ళాం. బావ, అక్క, నేను, పన్నెండేళ్ళ మా అమ్మాయి. పొల్లాచ్చి - పళని దారి అంటే నాకు ఒక ముచ్చట. 1920లో జి.డి. నాయుడుగారు తన మొదటి బస్సును స్వయంగా నడిపింది ఆ దారిలోనే. దర్శనం చేసుకుని తిరిగి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. రోడ్డు మీద హెడ్‌లైట్లు కొంచెం పసుపుపచ్చగా వున్నాయని నాకు అనిపించింది. బ్యాటరీ పాతబడిందేమో అన్నాడు బావ. ఆ రాత్రి తోటలోనే పడుకుందామని గట్టుదారి పట్టాం. అమావాస్య దగ్గరపడిన రోజులు. చేయి చాస్తే చేయి కనబడదు. బావ దీపాల మూతలు తీసి స్విచ్చి వేశాడు.

వెలుతురు పెరగవలసింది పోయి తగ్గింది. కొత్త దీపాలు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. హెడ్‌లైట్లు కూడా వాటితోపాటు క్రుంగాయి. ఇంకా వింత, వేయని పార్కింగు దీపం ఒకటి మిణుకుమన్నది. "ఇదేమిటి!" అనేలోపల ముందు చక్రం గుంతలో పడింది. ఆ కుదుపుకు బండి ముందు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

అక్కడ దారి కుడికి తిరుగుతుంది. నేరుగా పోతే కాలువ. నీళ్ళు వదిలిన రోజులు. బావ బ్రేకు తొక్కాడు. బండి జారి, ఒక పక్కకు ఒరిగి నిలిచింది. ఎవరమూ మాట్లాడలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినబడుతున్నది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని వున్నది. నేను టార్చి వేసి దిగి చూస్తే ఎడమ చక్రం అంచుకు జానెడు దూరంలో వున్నది. అక్క మా అమ్మాయిని ఎత్తుకుని దింపింది, పన్నెండేళ్ళ పిల్లను. బావ బండిని మెల్లగా వెనక్కు తీశాడు. మిగిలిన దారంతా నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను. తోట చేరిన తరువాత అక్క దేవుడి పటం ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు.

మరునాడు ఉదయమే బావ కుర్రవానికి ఫోను చేసి పొల్లాచ్చి ఇంటికి పిలిపించాడు. అతడు సైకిలు మీద వచ్చి, వాకిట్లో నిలబడ్డాడు. బావకు కోపమెక్కువ గాని, చెడ్డవాడు కాడు. ముందునాటి రాత్రి ఇంటిల్లిపాదికీ ప్రాణం పోయినంత పనయింది. కోపం ఎవరి మీదనో ఒకరి మీద దిగాలి గదా. తమిళంలో నాలుగు మాటలు గట్టిగా అన్నాడు. కుర్రవాడు విని, "అయ్యా, ఎర్త్ చూశారా? నన్ను ఒకసారి చూడనివ్వండి" అన్నాడు. "నువ్వు మళ్ళీ దాన్ని ముట్టుకుంటే చేయి విరిచేస్తాను" అన్నాడు బావ.

తరువాత మా వైపు తిరిగి తెలుగులో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

ఇది మనందరికీ వున్న అలవాటే. ఒప్పుకోండి. బట్టల అంగడిలో చీర బేరం చేసేటప్పుడు, కూరగాయలవాడు తూకం వేసేటప్పుడు, ఇల్లు చూపించే బ్రోకరు ముందు, మనం తెలుగులోకి జారుకుంటాం. ఎదుటివానికి తెలియని భాష మన చేతిలో వున్నదని ఒక ధీమా. కోయంబత్తూరు పెద్దకడై వీధిలో మా అవ్వ ఒకసారి "ఈ ముసలాడు దొంగలా వున్నాడే, ఇంకో అంగడికి పోదాం" అంటే, ఆ ముసలాయన "దొంగను కానమ్మా, మాదీ తెలుగే, రండి కూర్చోండి" అన్నాడట. ఈ కథ చెప్పుకుని మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నామో. నవ్వుకున్నామే గాని అలవాటు మానలేదు.

ఆనాడు బావ తెలుగులో అన్నది ఇది: "మంచి తీగకు డబ్బు తీసుకుని నాసిరకం వేసి వుంటాడు. ఇలాంటివాళ్ళను గడప దగ్గరికి రానివ్వడం మనదే తప్పు."

నేను అన్నది ఇది: "ఔను బావా, ముఖం చూస్తేనే తెలుస్తున్నది."

నేను ఎందుకన్నానో ఈనాటికీ నాకు తెలియదు. బావ కోపానికి తాళం వేయడం నాకు అలవాటు. కుర్రవాని ముఖంలో మార్పు ఏమీ లేదు. తల వంచుకుని నిలబడ్డాడు. మిగిలిన పద్దెనిమిది వందలు ఇవ్వనని బావ తమిళంలో చెప్పాడు. అతడు ఏమీ అనకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

కోయంబత్తూరు తిరిగి వచ్చిన తరువాత ఒక రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి అడిగింది: "నాయనా, ఆ అన్న ఎర్త్ చూడమన్నాడు గదా. చూశారా?"

చూడలేదన్నాను.

"ఎందుకు చూడలేదు?"

జవాబు లేదు. ఆ రాత్రి నాయన మాట గుర్తుకు వచ్చింది.

తరువాతి ఆదివారం నా మీటరు పెట్టె తీసుకుని పొల్లాచ్చి బస్సెక్కాను. బావ సంతకు వెళ్ళి వున్నాడు. జీపు షెడ్డులో వున్నది. అమ్మాయి నా వెంట వచ్చి, పలక మీద అంకెలు వ్రాసుకోవడానికి కూర్చున్నది. ఒక్కొక్కటే చూశాం. తొందరపడకుండా వరుసగా చూడడమే ఇందులో రహస్యం. మిల్లు లెక్కల్లో ఒక రూపాయి తేడా వచ్చినా మేము మొదటి పుట నుండే మొదలుపెడతాం.

మొదట బ్యాటరీ. దీపాలన్నీ వెలిగించి చూసినా పన్నెండు వోల్టులకు పైనే వున్నది. బ్యాటరీది తప్పు కాదు. రెండవది ఫ్యూజు. బాగానే వున్నది, దాని కొనలు మెరుస్తున్నాయి. మూడవది రిలే. స్విచ్చి వేస్తే టిక్కుమన్నది. నాలుగవది, దీపానికి కరెంటు తెచ్చే తీగ. మీటరు ఒక ముల్లు దీపం దగ్గర, ఇంకొకటి బ్యాటరీ రెండవ కొన మీద. దాదాపు పన్నెండు వోల్టులు వస్తున్నాయి. అంటే తీగ నాసిరకం కాదు. బావ అన్న మాట అక్కడే పోయింది.

ఐదవది, దీపానికి నిజంగా దక్కేది ఎంత అని, రెండు ముళ్ళూ దీపం రెండు కొనల మీదనే పెట్టాను. ఎనిమిదిన్నర. పన్నెండు వచ్చి ఎనిమిదిన్నర దక్కితే మిగిలిన మూడున్నర ఎక్కడ పోయింది? ఒక ముల్లు దీపం ఎర్త్ తీగ మీద, రెండవది బ్యాటరీ ఎర్త్ కొన మీద పెట్టాను. అక్కడ సున్నా చూపాలి, మహా అయితే వోల్టులో ఒకటి రెండు పదోవంతులు. మీటరు మూడున్నర చూపింది. పోయిన సొమ్ము అక్కడ దొరికింది.

పన్నెండుకు ఎనిమిదిన్నర అంటే మూడింట రెండు వంతులు వున్నది గదా, వెలుతురూ అంత వుంటుందనుకోరాదు. తీగ దీపాలకు వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుతురు నూటికి ముప్పైదాకా పడిపోతుంది. ఈ లెక్కన మా దీపాలలో మూడోవంతు వెలుతురు కూడా లేదు. పార్కింగు దీపం తనంతట మిణుకుమన్న వింత కూడా అప్పుడే అర్థమైంది. తిరిగిపోయే దారి మూసుకుంటే కరెంటు ఊరుకోదు. దగ్గరలో వున్న ఇంకొక దీపంలో దూరి, దాని గుండా దారి వెదుక్కుంటుంది. ఒక దీపం వేస్తే ఇంకొకటి మిణుకుమంటే, కొత్త దీపం వేయగానే పాతవి క్రుంగితే, ముందుగా ఎర్త్ చూడాలి. కుర్రవాడు బండిని చూడకుండా, మా మాట విని చెప్పాడు. వైద్యుడు నాడి చూడకముందే చెప్పినట్టు.

జాలీ రేకు మీది బోల్టు విప్పాను. ఎర్త్ తీగల ఉంగరాల కింద దట్టంగా ఆకుపచ్చ రంగు. నేను వేసిన రెండు పూతలు. రంగు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల్లో ఎక్కడో ఒకచోట ఇనుము ఇనుముకు తగులుతూ ఇన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది. హెడ్‌లైట్ల భారం వరకు పసుపుపచ్చగానైనా మోసింది. కొత్త దీపాల భారం కూడా పడేసరికి ఆ కొద్దిపాటి తాకు వేడెక్కి మాడింది. కుదుపుకు అదీ వదిలేసింది. ఉంగరం నల్లబడి వున్నది. మాడిన రంగు వాసన వస్తున్నది.

అమ్మాయి నా ముఖం చూసి ఏమీ అడగలేదు.

రంగు గీకి తెల్లని ఇనుము కనబడేదాకా రుద్దాను. కొత్త ఉంగరాలు వేసి, పళ్ళున్న స్టార్ వాషరు పెట్టి బిగించి, తుప్పు పట్టకుండా పైన వాసెలిన్ రాశాను. ఇంతటితో ఆగకుండా ఆ బోల్టు నుండి బ్యాటరీ ఎర్త్ కొనదాకా ఒక లావు తీగ వేరే లాగాను. మళ్ళీ మీటరు పెడితే వోల్టులో పదోవంతు. స్విచ్చి వేస్తే షెడ్డు గోడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

బావ వచ్చిన తరువాత చెప్పాను. ఆయన కాసేపు బోల్టు వంక, కాసేపు నా వంక చూసి, "పోనీలేవయ్యా. ఎవరికీ చెప్పకు. ఆ పద్దెనిమిది వందలు మనిషి చేత పంపించేస్తాను" అన్నాడు. అది ఆయన నన్ను కాపాడడానికి అన్న మాటే. కాని మా అమ్మాయి అక్కడే వున్నది. "నేనే తీసుకుపోతాను బావా" అన్నాను.

కుర్రవాని ఇల్లు కనుక్కుని వెళ్ళేసరికి సాయంత్రమైంది. మునిసిపాలిటీవారు కట్టించిన చిన్న ఇళ్ళ వరుస. తలుపు దగ్గర నిలబడి తమిళంలో పిలిచాను. లోపల నుండి ఒక ఆడగొంతు వినిపించింది: "ఎవరు వచ్చినారురా, అయ్యా? లోపలికి రమ్మను."

తెలుగు. మా అవ్వ మాట్లాడిన తెలుగు.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కుర్రవాడు బయటికి వచ్చాడు. "ఇంట్లో తెలుగేనా?" అన్నాను, ఇంకేమి అనాలో తోచక.

"ఔను సార్. ఎప్పుడూ తెలుగే" అన్నాడు తెలుగులో.

నిజానికి నాకు తెలియవలసిన సంగతే. కోయంబత్తూరులోనూ మధురలోనూ వీధులు వూడ్చి, కాలువలు బాగుచేసే కుటుంబాలలో ఎన్నింటికో ఇంటి భాష తెలుగే, తరతరాలుగా. మా మామగారిది మధుర. అక్కడ బంధువులు కూడినప్పుడు 1529లో విశ్వనాథ నాయకుడు వచ్చిన సంగతి, 1623 నుండి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుని మహలు సంగతి, రాణి మంగమ్మ వేయించిన సాలల సంగతి చెప్పుకోకుండా భోజనాలు ముగియవు. తెల్లవారుజామున వాళ్ళ వీధి వూడ్చేవారు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో మాత్రం మేమెవరమూ కిటికీ తెరిచి వినలేదు. మన తెలుగు ఇక్కడ ఇంకా బ్రతికి వున్నదని సభల్లో చెప్పుకుంటాం. అది ఎవరెవరి ఇళ్ళలో బ్రతికి వున్నదో లెక్క వేయలేదు.

జరిగినదంతా చెప్పాను. రంగు వేసింది నేనేనని, అతని పనిలో లోపం లేదని, ఆనాడు నేనన్న మాట అనకూడనిదని తెలుగులోనే చెప్పాను. తెలుగులో అన్న మాటకు తెలుగులోనే క్షమాపణ చెప్పాలి గదా. అతడు నేల చూస్తూ విన్నాడు. డబ్బు ఇస్తే లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. తరువాత అడిగిన మొదటి మాట, "రంగు పూర్తిగా గీకారా సార్? స్టార్ వాషరు వేశారా?" అని. వేశానన్నాను. "అయితే ఇక రాదు" అన్నాడు.

వాళ్ళమ్మ లోపలి నుండి టీ తెచ్చి ఇచ్చింది. ఆమె అన్నది ఒకటే: "పద్దెనిమిది వందలు సరేనయ్యా. సంతలో మీ బావగారు చెప్పిన మాట వల్ల మూడు బండ్ల పని పోయింది. అది ఎవరు తెచ్చిస్తారు?"

ఈ సంగతి నాకు తెలియదు. టెంకాయల వ్యాపారులతో బావ ఆ కుర్రవానికి పని ఇవ్వవద్దని చెప్పి వున్నాడు. నేను ఆ రాత్రే బావకు చెప్పాను. ఆయన భోజనం చేస్తున్నవాడు చేయి కడుక్కున్నాడు. మరునాడు తానే సంతకు పోయి, ముగ్గురి దగ్గరా "తప్పు మాది, కుర్రవాడు పనిమంతుడు" అని చెప్పి వచ్చాడు. పదిమంది ముందు అలా చెప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇద్దరు మళ్ళీ పిలిచారు. మూడవవాడు అప్పటికే ఇంకొకనికి పని ఒప్పజెప్పేశాడు. ఆ ఒక్కటి తిరిగి రాలేదు. దానికి మా దగ్గర వాషరూ లేదు, వాసెలినూ లేదు.

బండి వున్న చదువరులకు నా అనుభవం కొద్దీ రెండు మాటలు. ఏ దీపం పెట్టించినా రిలే, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పక వేయించండి. ఇప్పుడు వచ్చే ఎల్.ఇ.డి. దీపాలకు కరెంటు తక్కువే పడుతుంది గాని, ఎర్త్ సరిగా లేకపోతే అవీ మిణుకుమిణుకుమంటాయి. రంగు వేయించినా, రేకు పని చేయించినా, ఎర్త్ బోల్టులు విప్పి గీకి మళ్ళీ బిగించమనండి. తప్పు వచ్చినప్పుడు ఆఖరున బండిని ఎవరు ముట్టుకున్నారని అడగండి. అడిగేటప్పుడు మీ చేతులు కూడా ఒకసారి చూసుకోండి.

ఈ ఆయుధపూజకు రంగు పని మళ్ళీ నాకే అప్పగించారు. బోల్టు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి కాగితం ముక్క గుండ్రంగా కత్తిరించి అక్కడ అంటించింది, రంగు పడకుండా. కుర్రవాడు వచ్చి తీగలన్నీ ఒకసారి చూసి పోయాడు. ఇప్పుడు మేము అతనితో తెలుగులోనే మాట్లాడుతున్నాం. బావకు ఇంకా అప్పుడప్పుడు తమిళం వస్తుంది. మధ్యలో ఆగి దిద్దుకుంటాడు.

మన సంఘం ఉగాది కూటానికి ఆ తల్లినీ కొడుకునూ రమ్మని పిలిచాను. కుర్రవాడు నవ్వాడు. ఆమె మాత్రం, "మేము వస్తే మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారు?" అని అడిగింది. నా పక్కన అన్నాను. వస్తానని అనలేదు, రాననీ అనలేదు.